సేల్స్ వాళ్ళు మాటిస్తారు, వర్క్‌షాప్ వాళ్ళు తిట్లు తింటారు. ఈ గొడవ తీరే దారి ఉందా?

స్పానర్_పద్నాలుగు · అనంతపురం

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఒక టూవీలర్ షోరూమ్‌లో వర్క్‌షాప్ సూపర్వైజర్‌గా చేస్తున్నా. షోరూమ్ పేరు అడగొద్దు. మెకానిక్‌లు, వాషింగ్ పిల్లలు కలిపి నా కింద పదకొండు మంది. పైన సేల్స్ టీమ్. ఆ టీమ్ లీడర్‌కూ నాకూ అస్సలు పడటం లేదు.

గొడవంతా డెలివరీల దగ్గర. కొత్త బండిని కస్టమర్‌కు ఇచ్చే ముందు మేం పీడీఐ చేయాలి. అంటే బ్యాటరీ, బ్రేకులు, చైన్, టైర్లలో గాలి, లైట్లు, ఆయిల్, నట్లు బోల్టులు అన్నీ చూడాలి. గోడౌన్ నుంచి దించి, కడిగి, చెక్ చేసి, అద్దాలు బిగించి పైకి పంపేసరికి గంట దాటుతుంది. సేల్స్ వాళ్ళు మాత్రం ఎవరొచ్చినా "శుక్రవారం పొద్దున పదిన్నర లోపల బండి మీదే సార్" అనేస్తారు. పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. శనివారం ఇనుము కొనరు. శనివారం కసాపురం పోయి ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయించాలంటే ముందు రోజే బండి ఇంటికి రావాలి. కాబట్టి అందరికీ శుక్రవారం తొమ్మిదిన్నర నుంచి పదిన్నర లోపలే కావాలి. సరిగ్గా ఆ గంటలోనే సర్వీసింగ్ బండ్లు గేటు దగ్గర లైన్ కట్టి ఉంటాయి.

మొన్న ఒక కుటుంబం కొబ్బరికాయ, నిమ్మకాయలు, పూలదండ పట్టుకుని నిలబడి ఉంది. టీమ్ లీడర్ కిందికి దిగి వాళ్ళ ముందరే "వీళ్ళకు పని చేతకాదు సార్, మేమేం చేస్తాం" అన్నాడు. నేనూ ఊరుకోలేదు, గట్టిగానే ఇచ్చినా. అప్పటి నుంచి వాట్సాప్ గ్రూపులో ఒకటే ఎత్తిపొడుపులు. నేను "బండి రెడీ" అని పెడితే అతను దండం బొమ్మ పెడతాడు. ఓనర్ దగ్గరికి పోతే "మీరిద్దరూ నాకు రెండు కళ్ళప్పా, అడ్జస్ట్ చేసుకోండి" అంటాడు.

మానేసి పోదామా అనిపిస్తోంది. ఇంట్లో కూడా దీని టెన్షనే. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఉగ్గాని_బజ్జీ · అనంతపురం

అన్నా, పోరు నష్టం పొందు లాభం అన్నారు పెద్దలు. మాట్లాడటం మానెయ్యి. బండి ఎప్పుడు రెడీ అయితే అప్పుడు పైకి పంపు, అతని ముఖం కూడా చూడొద్దు. జీతం వస్తుంది కదా. పైగా మనం సీమోళ్ళం, రక్తం వేడి. దగ్గర దగ్గరగా ఉంటే మంట అంటుకుంటుంది.

బండల_లెక్కలు · తాడిపత్రి

నేను ఒప్పుకోను. నేను బండల పాలిష్ యూనిట్‌లో లెక్కలు చూస్తా. మా దగ్గర కటింగ్ వాళ్ళూ లోడింగ్ వాళ్ళూ ఇట్లాగే మాట్లాడుకోవడం మానేశారు. అందరూ హమ్మయ్య, ప్రశాంతం అనుకున్నాం. ఒకరోజు రెండు మందాల బండలు కలిసిపోయి ఒకే లారీలో వెళ్ళిపోయాయి. కటింగ్ అతనికి ముందే తెలుసు. "నాకెందుకు, అడిగితే చెప్తా" అని ఊరుకున్నాడు. లారీ వెనక్కి వచ్చింది, బాడుగ మా నెత్తిన పడింది. కొట్లాడుకునే రోజుల్లో కనీసం అరిచి అయినా చెప్పేవాడు.

మాటలు ఆగిపోతే గొడవ ఆగినట్టు కాదు. అది సరుకు మీదికి పోతుంది.

కంట్రోలర్_తాత · కడప

ఉగ్గాని నాయనా, రక్తం వేడి అనే మాట మనకు మనమే చెప్పుకోవడం మానుకుందాం. సినిమాల వాళ్ళు అన్నది చాలు. నేను బస్సు డిపోలో డ్యూటీలు వేసే సీట్లో ఏళ్ళ తరబడి కూర్చున్నా. కోపం అన్ని ఊర్లలోనూ ఒక్కటే. ఎవరికి ఏ రూటు పడుతుందో తెలియని చోట పుడుతుంది.

మా డిపోలో లాంగ్ రూట్ అంటే డ్రైవర్లు, కండక్టర్ల మధ్య రోజూ పంచాయతీ. "వాడికే ఎప్పుడూ బెంగుళూరు, నాకే ఎప్పుడూ పల్లెవెలుగు" అని. పెద్దమనుషులను కూర్చోబెట్టి చేతులు కలిపించేవాళ్ళం. రెండు వారాలకు మళ్ళీ మొదలు. తర్వాత వచ్చిన మేనేజర్ నెల మొత్తం డ్యూటీ చార్ట్ రాసి గోడకు అంటించాడు. వంతుల వారీగా, ఎవరి పేరు ఎప్పుడు వస్తుందో అందరికీ కనపడేట్టు. సగం తగాదాలు పోయాయి. మిగతా సగం నిజంగానే మనిషికీ మనిషికీ పడనివి, అవి వేరే సంగతి.

కాబట్టి స్పానర్ బాబూ, ముందు నాకు ఒకటి చెప్పు. అతని స్థానంలో రేపు ఇంకొకడు వస్తే ఈ గొడవ ఆగుతుందా?

స్పానర్_పద్నాలుగు · అనంతపురం

తాతా, ఆగదు. ఇతని కంటే ముందున్న టీమ్ లీడర్‌తో కూడా ఇదే గొడవ. ఆయన పెద్దవాడు కాబట్టి నేను ఎదురు మాట్లాడేవాణ్ణి కాదు, అంతే తేడా.

ఓర్వకల్లు_అక్క · కర్నూలు

నేను ఫ్యాక్టరీలో హెచ్ఆర్‌లో పనిచేస్తా. తాత గారు అడగాల్సిందే అడిగారు. దానికి తోడు నాదొక ప్రశ్న. తమ్ముడూ, పీడీఐ చేసినందుకు మీ మెకానిక్‌కు ఏమొస్తుంది? సేల్స్ వాళ్ళకు ఇన్సెంటివ్ దేని మీద లెక్క?

స్పానర్_పద్నాలుగు · అనంతపురం

అక్కా, మా వాళ్ళకు ఇన్సెంటివ్ జాబ్ కార్డుల మీద. సర్వీసింగ్ లేబర్, స్పేర్లు ఎంత అయితే అంత. పీడీఐకి ఏమీ రాదు. సేల్స్ వాళ్ళకు నెలాఖరు లోపల డెలివరీ అయిన బండ్ల మీద. బుకింగ్ అయితే చాలదు, బండి గేటు దాటాలి.

రాస్తుంటే నాకే అనిపిస్తోంది. శుక్రవారం పొద్దున ఒక మెకానిక్ కొత్త బండి పట్టుకుంటే ఆ గంటలో అతనికి వచ్చే జాబ్ కార్డు పక్కవాడికి పోతుంది. అందుకే నేను పిలిస్తే ఎవరూ ముందుకు రారు.

ఆదోని_జిన్నింగ్ · ఆదోని

ఇంకేం, దొరికింది కదా దొంగ. మీ ఓనర్ ఇద్దరికీ రెండు వేర్వేరు లెక్కలు పెట్టి మధ్యలో కూర్చుని "రెండు కళ్ళు" అంటున్నాడు. మీరిద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నంత కాలం ఆయన్ను ఎవరూ ఏమీ అడగరు. ఆయనకు ఇదే లాభం.

ఓర్వకల్లు_అక్క · కర్నూలు

అన్నా, ఓనర్లందరూ అంత ప్లాన్ వేసి చేయరు. చాలామందికి ఆ రెండు లెక్కలు ఎక్కడ గుద్దుకుంటాయో తెలియదు, ఎందుకంటే వాళ్ళు శుక్రవారం పొద్దున వర్క్‌షాప్‌లో ఉండరు. కానీ ఆయన చెప్పిన "అడ్జస్ట్ చేసుకోండి" మాత్రం పరిష్కారం కాదు, అందులో మీతో ఏకీభవిస్తా.

తమ్ముడూ, కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువు.

ఆఫీసు గొడవల మీద చదువుకున్నవాళ్ళు రెండు రకాలు చెప్తారు. ఒకటి పని ఎట్లా చేయాలి అన్న దాని మీద భేదం. ఇంకోటి మనిషి మీద కోపం. మొదటిది అదుపులో ఉంటే మంచిదే, బండల అన్న చెప్పినట్టు తప్పులు ముందే బయటపడతాయి. రెండోది ఎవరికీ మేలు చెయ్యదు. నీ దగ్గర మొదటి రకం గొడవను తేల్చకుండా వదిలేశారు. అది రెండో రకంలోకి మారింది. దండం బొమ్మ దాకా వచ్చిందంటే పని ఎప్పుడో పక్కకు పోయిందని అర్థం.

ట్రైనింగ్‌లలో థామస్, కిల్మన్ అనే ఇద్దరు 1974లో పెట్టిన ఐదు పద్ధతులు చూపిస్తారు: పంతం పట్టడం, తప్పించుకోవడం, తలొగ్గడం, చెరి సగం చేసుకోవడం, కలిసి వెతకడం. ఐదూ అవసరమే. బ్రేకు పట్టని బండిని పంపమంటే నువ్వు పంతమే పట్టాలి, అక్కడ చెరి సగం లేదు. టీ ఎవరు తెప్పించాలన్న దాని మీద తలొగ్గితే పోయేదేమీ లేదు. ఓనర్లు అడ్జస్ట్ అంటే మాత్రం ఎప్పుడూ చెరి సగమే. అంటే పది బండ్లు అడిగితే ఐదు ఇవ్వు. ఇద్దరికీ మంట మిగిలే ఉంటుంది.

దీన్ని వంద ఏళ్ళ కిందటే మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికా ఆవిడ చెప్పింది. 1925లో ఇచ్చిన ప్రసంగంలో ఒక చిన్న సంగతి ఉంది. ఆవిడ లైబ్రరీలో ఒక చిన్న గదిలో కూర్చుని ఉంది. ఇంకొకరికి కిటికీ తెరవాలి, ఈవిడకు మూసి ఉండాలి. సగం తెరిస్తే ఇద్దరికీ ఇబ్బందే. చివరికి పక్క గదిలో ఎవరూ లేరు కాబట్టి అక్కడి కిటికీ తెరిచారు. ఆ మనిషికి కావలసింది గాలి, ఆ కిటికీయే తెరవాలని కాదు. ఈవిడకు కావలసింది ఉత్తరపు గాలి నేరుగా మీద కొట్టకపోవడం.

ఇప్పుడు నీ సంగతి. కస్టమర్‌కు కావలసింది పదిన్నర లోపల తాళం చేతికి రావడం. పీడీఐ కూడా ఆ పొద్దునే జరగాలని ఎవరూ అనలేదు. గురువారం సాయంత్రం ఎందుకు చేయకూడదు?

స్పానర్_పద్నాలుగు · అనంతపురం

అక్కా, నేనూ అదే అన్నా. సేల్స్ వాళ్ళు ఛాసిస్ నంబర్ ఇస్తే కదా. ఎక్కువ మంది ఫైనాన్స్ మీద తీసుకుంటారు. లోన్ ఓకే అయ్యి డెలివరీ ఆర్డర్ వచ్చాకే ఫలానా ఛాసిస్ ఫలానా కస్టమర్‌కు అని రాస్తారు. అది గురువారం రాత్రి ఏడుకో ఎనిమిదికో తేలుతుంది. అప్పటికి మా వాళ్ళు ఇళ్ళకు పోయుంటారు. ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా ఆ నంబర్ మీదే నడవాలి, నంబర్ ప్లేట్ కూడా దాని మీదే.

బండల_లెక్కలు · తాడిపత్రి

కాగితాలు నంబర్ మీద నడుస్తాయి, సరే. చైన్ టైట్ చేయడానికి కస్టమర్ పేరెందుకు? ఏ మోడల్, ఏ రంగు ప్రతి వారం పోతుందో నీకు తెలియదా? మా దగ్గర ఆర్డర్ రాకముందే బాగా పోయే సైజులు కోసి పెట్టుకుంటాం.

స్పానర్_పద్నాలుగు · అనంతపురం

నల్ల రంగు కమ్యూటర్ బండి, ఒక స్కూటర్ ఎప్పుడూ పోతాయి. కానీ ముందే చేసి పెడితే దుమ్ము పడుతుంది, అనంతపురం దుమ్ము సంగతి తెలుసు కదా. ఊరికే నిలబెడితే బ్యాటరీ కూడా దిగుతుంది.

బండల_లెక్కలు · తాడిపత్రి

వారం దాటి నిలబెట్టమనలేదు. బుధ, గురువారాల్లో మధ్యాహ్నం మీ వర్క్‌షాప్ ఎట్లా ఉంటుంది?

స్పానర్_పద్నాలుగు · అనంతపురం

మూడు తర్వాత ఖాళీనే. కొందరు ఫోన్‌లు చూసుకుంటూ కూర్చుంటారు.

ఓర్వకల్లు_అక్క · కర్నూలు

చూడు. పెద్ద చెకింగ్ బుధ, గురువారాల్లో. శుక్రవారం కడగడం, గాలి, బ్యాటరీ, లైట్లు మాత్రం చూసుకుంటే పది, పదిహేను నిమిషాల పని. ఇది నువ్వు ఒక్కడివే అనుకుంటే కుదరదు. ఏ మోడళ్ళు పోతాయో సరిగ్గా తెలిసినవాడు ఆ టీమ్ లీడరే. కాబట్టి అతనితో మాట్లాడక తప్పదు.

నైట్‌డ్యూటీ · కడప

ఎట్లా మాట్లాడాలో నేను చెప్తా. నేను స్టాఫ్ నర్సును. మా దగ్గర డ్యూటీ మారేటప్పుడు రోజూ గొడవ పడే అవకాశం ఉంటుంది. "పొద్దున వాళ్ళు సెలైన్ మార్చలేదు", "రాత్రి వాళ్ళు చార్ట్ రాయలేదు" అని. మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఒకటి నేర్పించింది. "నువ్వు ఎప్పుడూ ఇంతే" అనే మాట నోట్లోంచి రాకూడదు. ఏ రోజు, ఏ బెడ్, ఏం జరిగింది, దానివల్ల ఏమైంది, ఇప్పుడు నాకేం కావాలి. అంతే.

మీరు అతనితో అనాల్సింది ఇట్లా ఉండొచ్చు: "అన్నా, పోయిన శుక్రవారం తొమ్మిదీ నలభైకి నాలుగు ఛాసిస్ నంబర్లు ఒకేసారి వచ్చాయి. సర్వీస్ బండ్లు గేటు దగ్గర ఉన్నాయి. రెండే ఇవ్వగలిగా, మిగతా ఇద్దరు కస్టమర్లు నీ మీద అరిచారు. ఇది మళ్ళీ జరగకూడదని నాకూ ఉంది. గురువారం సాయంత్రానికి నాకు ఏం చెప్పగలవు?"

చివరి ప్రశ్న నిజంగా అడగాలి. అడిగాక ఆగాలి. చాలామంది ప్రశ్న వేసి జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు.

మాట్లాడేది కస్టమర్ల ముందర వద్దు, మీ మెకానిక్‌ల ముందర అసలే వద్దు. వాళ్ళు చూస్తుంటే ఇద్దరూ తగ్గరు. వాట్సాప్‌లో బండి నంబరు, టైము తప్ప ఇంకేమీ రాయొద్దు. రాసిన మాటకు గొంతు ఉండదు. అతను దండం బొమ్మ నిజంగానే థాంక్స్ అని పెట్టి ఉండొచ్చు కూడా.

ఉగ్గాని_బజ్జీ · అనంతపురం

దండం బొమ్మ థాంక్స్ అని పెట్టేవాణ్ణి నా జన్మలో చూడలేదు సిస్టర్.

చట్టం_ఉందా · కర్నూలు

నాదో సందేహం. ఓనర్ వినకపోతే లేబర్ ఆఫీసుకు పోవచ్చా?

ఓర్వకల్లు_అక్క · కర్నూలు

పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 ప్రకారం 20 లేదా అంతకంటే ఎక్కువ మంది కార్మికులు ఉన్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. యాజమాన్యం తరఫున ఎంతమందో కార్మికుల తరఫున కూడా అంతమందే, మొత్తం పదికి మించకూడదు. ఫిర్యాదును 30 రోజుల్లో తేల్చాలి. నెలకు 18,000 రూపాయలు దాటి తీసుకునే సూపర్వైజర్లు ఆ కోడ్ లెక్కలో కార్మికుల కిందికి రారు, అదీ చూసుకోవాలి. జీతం, డ్యూటీ గంటలు, తీసేయడం లాంటి వాటికి ఆ దారి. టీమ్ లీడర్ ఎత్తిపొడిచాడని కమిటీకి పోతే ఇద్దరి మధ్య తలుపు పూర్తిగా మూసుకుంటుంది.

హెడ్‌సెట్ · కర్నూలు

అక్కా, ఇక్కడ అడగొచ్చో లేదో. నేను టెలీకాలర్‌ని. మా టీమ్ లీడర్ రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తాడు, పని ఏమీ ఉండదు. నా డ్రెస్సుల మీద కామెంట్లు. వద్దని చెప్పినప్పటి నుంచి నా కాల్స్ అన్నింటిలో తప్పులు తీస్తున్నాడు. మేనేజర్‌కు చెబితే "మీ ఇద్దరి మధ్య క్లాష్ ఉంది, కూర్చుని మాట్లాడుకోండి" అన్నాడు. పైన సిస్టర్ చెప్పినట్టు నేను కూడా అతనితో మాట్లాడాలా?

ఓర్వకల్లు_అక్క · కర్నూలు

వద్దు చెల్లీ. ఇది క్లాష్ కాదు, వేధింపు. పైన మేం చెప్పినవేవీ నీకు వర్తించవు. ఒక మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సిన చోట ఇద్దర్నీ కూర్చోబెట్టి సర్దుకోమనడం అన్యాయం.

పనిచేసే చోట మహిళల మీద లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షత వహించాలి. చివరి సంఘటన జరిగిన మూడు నెలల లోపల రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. మీ దగ్గర పదిమంది కంటే తక్కువ ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. రాజీ అనేది నువ్వు కోరితేనే, అది కూడా డబ్బు మీద కుదరకూడదు. మేనేజర్ రాజీ చేసుకోమని చెప్పడానికి వీల్లేదు.

ఫోన్ కాల్ లిస్ట్, మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో వాళ్ళ ఫోన్‌కు పంపి ఉంచు. ఏ రోజు ఏమన్నాడో ఒక పుస్తకంలో రాసుకో.

మోడరేటర్

హెడ్‌సెట్ గారి ప్రశ్నకు వేరే చర్చ తెరిచాను, మిగతా సలహాలు అక్కడ రాయండి. కంపెనీ పేరు, మనిషి పేరు ఎవరూ అడగొద్దు. పైన "ఒక చేత్తో చప్పట్లు రావు" అని రాసిన వ్యాఖ్యను తీసేశాను.

కంట్రోలర్_తాత · కడప

తీసేసి మంచి పని చేశావు నాయనా.

స్పానర్_పద్నాలుగు · అనంతపురం

కొన్ని వారాల తర్వాత రాస్తున్నా. అడుగుతూ చాలామంది మెసేజ్‌లు పెట్టారు.

మా టీమ్ లీడర్, నేను టవర్ క్లాక్ దగ్గర టీ అంగట్లో కూర్చుని మాట్లాడినాం. సిస్టర్ చెప్పిన మాటలే ఇంచుమించు అన్నా. కాసేపు అతను నేల చూపులు చూశాడు. తర్వాత చెప్పింది వింటే నాకు కోపం తగ్గింది. శుక్రవారం ఇవ్వలేమని చెబితే కస్టమర్ అదే రోడ్డులో ఇంకో షోరూమ్‌కు పోతాడంట. నెల టార్గెట్ అందకపోతే జీతంలో పెద్ద ముక్కే పోతుందంట. నేను కావాలనే లేటు చేస్తున్నానని అతని టీమ్ పిల్లలు చెప్పి పెట్టారు. అతను అందరి ముందర అన్న మాట గురించి కూడా అడిగినా. సారీ అయితే చెప్పలేదు. "ఆ రోజు నాకూ ఏం చేయాలో తోచలేదన్నా" అన్నాడు.

ఇప్పుడు గోడకు బోర్డు ఉంది. శుక్రవారం పదిన్నర లోపల ఆరు బండ్లు, అంతే. సేల్స్ వాళ్ళు మాటిచ్చే ముందు బోర్డులో పేరు రాయాలి. ఆరు నిండితే పన్నెండు తర్వాత. ఏ మోడళ్ళు ముందే చెక్ చేసి పెట్టాలో మంగళవారం అతను లిస్టు ఇస్తాడు. మొదటి వారం బాగా జరిగింది. రెండో వారం ఎవరో పెద్దాయన బంధువని ఏడో బండి దూర్చారు. మళ్ళీ మాటామాటా పెరిగింది, కాకపోతే ఈసారి వాషింగ్ షెడ్ వెనకాల.

ఇన్సెంటివ్ గురించి ఇద్దరం పోయి ఓనర్‌ను అడిగినాం. పీడీఐకి బండికి ఇంత అని పెట్టమన్నాం. "వచ్చే నెల చూద్దాం" అన్నాడు. మెకానిక్‌లు అప్పటిదాకా చేస్తాం అన్నారు గానీ ముఖాలు బాగలేవు. అసలు భయం దసరా. ఆ రోజు అందరికీ ఒకే పూట బండి కావాలి, ఆరు బండ్ల బోర్డు ఎందుకూ పనికిరాదు.

ఆదోని_జిన్నింగ్ · ఆదోని

దసరాకు ముందే అడగాలప్పా. మీ ఓనర్‌కు మీ మెకానిక్‌ల అవసరం ఎక్కువగా ఉండేది అప్పుడే. పండగ అయిపోయాక ఎవరు వింటారు?

కంట్రోలర్_తాత · కడప

అడగడం సరే, బెదిరించినట్టు ఉండకూడదు. పోయినేడు దసరాకు ఎన్ని బండ్లు పోయాయి, ఎన్ని లేటయ్యాయి, ఎంతమంది బుకింగ్ క్యాన్సిల్ చేసుకున్నారు, ఆ లెక్క పట్టుకుని పోండి. క్యాన్సిల్ అయిన బండి ఒక్కదాని మీద ఆయనకు పోయిన లాభం ఎంతో, మీరు అడిగే ఇన్సెంటివ్ ఎంతో పక్కపక్కన రాయండి.

స్పానర్_పద్నాలుగు · అనంతపురం

క్యాన్సిల్ లెక్క సేల్స్ కంప్యూటర్‌లో ఉంటుంది, నాకు కనపడదు. ఇప్పుడే అతనికి ఫోన్ చేసినా. తీసి ఇస్తానన్నాడు. సోమవారం ఇద్దరం కలిసి పోతున్నాం.

ఓర్వకల్లు_అక్క · కర్నూలు

ఓనర్ ఒప్పుకుంటే అక్కడే వదిలేయొద్దు. "సార్, మీరు ఒప్పుకున్నది ఇది" అని రేటు, మొదలయ్యే తేదీ రాసి ఆయన ఫోన్‌కు ఆ రోజే మెసేజ్ పెట్టండి. మీ ఇద్దరి పేర్లూ కింద ఉండాలి.